"మీదే ఊరండీ?" అని అడిగితే శరణార్థి ఏ ఊరి పేరు చెప్పాలి?

జగన్నాథపురం పంతులమ్మ (కాకినాడ):

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒక మాట నన్ను వదలడం లేదు. ఇంట్లో మావారితో వాదించాను, స్కూల్లో తోటి టీచర్లతో వాదించాను. ఎటూ తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ప్రతి చలికాలం మన ఊళ్ళో టిబెట్ వాళ్ళు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా. వాళ్ళలో ఒకావిడ దగ్గర నేను పద్దెనిమిదేళ్ళుగా కొంటున్నాను. మావాడి ఎల్‌కేజీ స్వెట్టరు ఆవిడ దగ్గర కొన్నదే. వాడి ఇంజినీరింగు కూడా అయిపోయింది. ఇన్నేళ్ళలో బేరాలే తప్ప మాటలు లేవు. ఈసారి వాన పడి జనం లేకపోతే ఆవిడే స్టూలు వేసి కూర్చోమంది. మనవైపు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే కాబట్టి నేనూ అదే అడిగాను. "మీదే ఊరండీ?"

"చంద్రగిరి" అంది. తిరుపతి పక్కది కాదు. ఒడిశాలో గజపతి జిల్లాలో ఉన్న చంద్రగిరి. 1963లో అక్కడి కొండల మధ్య టిబెట్ శరణార్థులకి స్థలం ఇచ్చారు. ఆవిడ 1970లో అక్కడే పుట్టింది. వాళ్ళకి మొక్కజొన్న పొలం ఉంది. ఆ ఊరి మట్టి గురించి, ఏనుగులు పడి చేను తొక్కేయడం గురించి, మన రైతులు చెప్పినట్టే చెప్పింది.

"మరి దేశం?" అన్నాను. "టిబెట్" అంది. క్షణం కూడా ఆగలేదు. ఆవిడ టిబెట్‌ని కంటితో చూడలేదు. 1959లో దలైలామా ఇటు వచ్చాక వెనకే వేల మంది కొండలు దాటి వచ్చారు. వాళ్ళలో ఆవిడ తల్లి ఒకరు. ముందు హిమాలయాల్లో రోడ్డు పనిలో రాళ్ళు కొట్టిందట, తర్వాత చంద్రగిరి చేరిందట.

మన చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఈ దేశంలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఎవరైనా, పుట్టుకతోనే భారత పౌరులు. అంటే ఆవిడ కూడా. 2014లో ఎన్నికల సంఘం ఇలాంటి టిబెటన్లని ఓటర్లుగా చేర్చుకోమని చెప్పింది కూడా. "మరి మీరు ఓటు రాయించుకోలేదా?" అంటే లేదంది. "అందరం ఇక్కడి వాళ్ళం అయిపోతే ఇంక టిబెట్ వాళ్ళు అనేవాళ్ళు ఎవరు మిగులుతారు, టీచరుగారూ?" అంది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మావారు ఒప్పుకోలేదు. ఇక్కడ పుట్టి, ఇక్కడ పంట తిని, దేశం ఇంకోటంటే అది న్యాయం కాదంటారు. నాకు మాత్రం ఆవిడ మాటలో తప్పు కనిపించలేదు. మీరేమంటారు?

కొబ్బరితోట (అంబాజీపేట):

అమ్మా, నేను మీవారి పక్షం. ముందే చెబుతున్నాను, ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. కష్టపడి బతికే మనిషి. దేశం పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి చోటివ్వడం మన ధర్మం, ఇచ్చాం కూడా.

కానీ అరవై ఏళ్ళు దాటాక, చట్టమే "నువ్వు మా మనిషివి" అంటుంటే "కాదు" అనడం నాకు బాధగా ఉంటుంది. అన్నం పెట్టిన చేతిని పక్కకి నెట్టినట్టు ఉంటుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎంతకాలం నిలబడతారు?

ఇంకోటి. భూమి గురించి ఎవరూ మాట్లాడరు. మా మండలంలో ఇల్లు కట్టుకోవడానికి సెంటు జాగా లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా పేటలో మనిషి పోతే దహనానికి సరైన చోటు లేక ఏటిగట్టు దిగువకి తీసుకెళ్తున్నారు. శరణు వచ్చినవాళ్ళకి ఇచ్చే నేల ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి కింద నుంచే రావాలి కదా. ఇచ్చినవాళ్ళకి "ఇది నా దేశం" అనే మాట ఒక్కటి వినాలని ఉండదా? అది మరీ పెద్ద కోరికా?

పజుండాంగ్ మనవరాలు (తాళ్ళరేవు):

కొబ్బరితోటగారూ, మీ మాటకి జవాబు మా ఇంట్లోనే ఉంది. కాస్త ఓపిగ్గా వినండి.

మాది కోరంగి దగ్గర ఊరు. బర్మాలో తెలుగువాళ్ళని ఏ జిల్లా వాళ్ళనైనా "కోరంగీలు" అనే పిలిచేవారు. మా రేవు పేరే అందరికీ అంటుకుంది. మా ముత్తాత ఇక్కడినుంచి ఓడెక్కి రంగం వెళ్ళాడు. మనవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు. అక్కడ పజుండాంగ్ వాగు పక్క బియ్యం మిల్లుల్లో మూటలు మోశాడు. మా తాత అక్కడ పుట్టాడు. మా మామ్మ కూడా అక్కడే పుట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇటువైపు రావడాన్ని "దేశం వెళ్ళడం" అనేవారట. "దేశం నుంచి ఉత్తరం వచ్చింది", "దేశంలో పెళ్ళి సంబంధం చూశారు", ఇలా. దేశం అంటే ఢిల్లీ కాదు, జాతీయ జెండా కాదు. దేశం అంటే కోరంగి, కాకినాడ, ఈ మడ అడవుల అంచు. రంగం డబ్బుతో ఇక్కడ పెంకుటిళ్ళు లేచాయి, చెరువులు తవ్వించారు, గుళ్ళకి గంటలు ఇచ్చారు. బర్మా వాళ్ళకి అది కంటగింపు అయింది. మా అన్నం తిని, మా దగ్గర సంపాదించి, దేశం దేశం అంటూ అటు పంపుతారేమని. కొబ్బరితోటగారూ, మీరు ఈ రోజు రాసిన మాటే అది. ఒక్క ముక్క తేడా లేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తేలాక మళ్ళీ తెలుగువాళ్ళనే తీసుకున్నారు. దాంతో గొడవ మొదలై వీధుల్లో మనవాళ్ళని నరికారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు నడక దారి పట్టారు. మా ముత్తాత ప్రోమ్ మీదుగా కొండ దాటి తౌంగుప్, అక్కడినుంచి అరకాను తీరం వెంట చిట్టగాంగు వరకు వచ్చాడు. దారిలో కలరా. ఆయనతో బయల్దేరిన తమ్ముడు రాలేదు. ఎక్కడ పోయాడో కూడా సరిగ్గా చెప్పలేకపోయేవాడట.

యుద్ధం అయ్యాక ముత్తాత మళ్ళీ రంగం వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడని నేను చిన్నప్పుడు మామ్మని అడిగాను. "మా ఊరు కదే" అంది. 1962లో అక్కడి సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964కల్లా దుకాణాలు జాతీయం చేశారు, యాభై, వంద చాట్‌ల నోట్లు రద్దు చేశారు. మావాళ్ళు 1965లో ఓడలో విశాఖ చేరారు. మామ్మ మెడలో గొలుసు ఓడెక్కే ముందే తీసేసుకున్నారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది, కంచరపాలెంలో. అక్కడ కొన్నాళ్ళు ఉండి తాళ్ళరేవు వచ్చారు.

కాగితాల మీద ఆవిడ తన సొంత దేశానికి తిరిగొచ్చింది. కానీ ముప్ఫయ్యో ఏట మొదటిసారి చూసిన చోటుకి "తిరిగి" రావడం ఏమిటండీ? ఇక్కడ ఊళ్ళో ఆవిడని "రంగమోళ్ళ కోడలు" అనేవారు. చనిపోయే దాకా ఆ పేరు పోలేదు. ఓటు వేసింది, రేషన్ తెచ్చుకుంది, గోదావరి పుష్కరాల్లో మునిగింది. అయినా "మా ఊళ్ళో" అని మొదలుపెడితే అది పజుండాంగే. ఆఖరి రోజుల్లో జ్వరంలో బర్మా భాషే మాట్లాడింది. మాలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆవిడ మన దేశానికి ద్రోహం చేసిందని మీరంటారా?

కొబ్బరితోట:

అనను తల్లీ. ఎందుకంటాను. కానీ మీ మామ్మగారి సంగతి వేరు. ఆవిడ మన మనిషి. మన భాష, మన పేరు.

పజుండాంగ్ మనవరాలు:

వేరు ఎలా అవుతుందండీ? మామ్మ మనసులో రెండు ఊళ్ళున్నాయి, స్వెట్టర్లావిడ మనసులో కూడా రెండున్నాయి. ఒకరి కాగితం ఇటు ఉంది, ఇంకొకరిది ఎటూ లేదు. అంతే తేడా.

బర్మాలో 1982లో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చారు. 1823కి ముందు నుంచి అక్కడ ఉన్న జాతులవాళ్ళే పూర్తి పౌరులు అన్నారు. అక్కడే మిగిలిపోయిన మా బంధువుల పిల్లలకి అది ఎలా తగులుతుందో మాకు తెలుసు. అదే చట్టం రోహింగ్యాల్ని ఎవరికీ చెందనివాళ్ళని చేసింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. మా ముత్తాత నడిచిన అరకాను తీరమే అది. మనవాళ్ళనీ వాళ్ళనీ బర్మాలో ఒకే మాటతో, "కలా" అని పిలిచేవారు. ఆ మాట విన్నవాళ్ళ మనవరాల్ని కాబట్టి నేను పక్షం మార్చలేను.

యానాం వాసి:

చర్చ చదివాక మా ఊరి సంగతి చెప్పాలనిపించింది. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ కింద ఉంది. చట్టపరంగా భారత్‌కి బదిలీ అయింది 1962 ఆగస్టు 16న. అప్పుడు ఇక్కడివాళ్ళకి ఆరు నెలల గడువిచ్చారు, ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకుంటే కోరుకోవచ్చని. కొందరు కోరుకున్నారు. వాళ్ళ కుటుంబాల్లో కొన్ని ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. వాళ్ళు ఫ్రాన్సు ఎన్నికల్లో ఓటేస్తారు, మాతోపాటే గౌతమి రేవులో స్నానం చేస్తారు. పులసలు వస్తే మాతో సమానంగా పోటీపడి కొంటారు.

వాళ్ళని "నీది ఏ దేశం, తేల్చు" అని మా ఊళ్ళో ఎవరూ అడగరు. యానాం వాళ్ళు అంటే యానాం వాళ్ళే. వాళ్ళ వెనక ఒక బలమైన దేశం ఉంది కాబట్టి మనకి అది మర్యాదగా కనిపిస్తోంది. స్వెట్టర్లావిడ వెనక ఏ దేశమూ నిలబడలేదు కాబట్టి అదే మాట ఆవిడ అంటే తప్పుగా కనిపిస్తోంది. నాకైతే అలాగే అనిపిస్తోంది.

రాజోలు అబ్బాయి (ఇప్పుడు కువైట్‌లో):

మా నాన్న కూడా ఇక్కడే పనిచేశారు, 1990 దాకా. ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. మనవాళ్ళు బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారిలో బస్సుల్లో అమ్మాన్ చేరారు. అక్కడినుంచి విమానాల్లో లక్షా డెబ్భై వేల మంది దాకా ఇంటికొచ్చారు. నాన్నకి సెప్టెంబరులో సీటు దొరికింది.

నాన్న పనిచేసిన గోడౌనులో స్టోర్‌కీపరు పాలస్తీనా ఆయన. కువైట్‌లోనే పుట్టాడు. అయినా ఎవరడిగినా "యాఫా వాణ్ణి" అనేవాడట. యాఫా పాలస్తీనాలో రేవు పట్నం, ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉంది. 1948లో వాళ్ళ నాన్న అక్కడినుంచి వచ్చేశాడు. ఈయన చూడను కూడా చూడలేదు. అప్పట్లో కువైట్‌లో పాలస్తీనా వాళ్ళు నాలుగు లక్షల దాకా ఉండేవారు. స్కూళ్ళలో టీచర్లు, ఆఫీసుల్లో ఇంజినీర్లు చాలామంది వాళ్ళే. ఈ దేశాన్ని కట్టడంలో వాళ్ళ చెయ్యి చాలా ఉంది. 1991లో యుద్ధం అయ్యాక వాళ్ళలో ఎక్కువమంది వెళ్ళిపోవాల్సి వచ్చింది. వాళ్ళ నాయకుడు అరాఫత్ సద్దాం వైపు మాట్లాడాడని అందరి మీదా కోపం పడింది.

నాన్న 1992లో మళ్ళీ వచ్చారు. గోడౌనులో ఆయన కుర్చీలో వేరే మనిషి ఉన్నాడట. ఎటు వెళ్ళాడో ఎవరూ చెప్పలేదట. నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మాటంటారు. "నన్ను కువైట్ నుంచి తరిమేస్తే రాజోలు వచ్చాను. ఆయన యాఫా వెళ్ళలేడు కదరా."

కొబ్బరితోట బాబాయిగారూ, మన కోనసీమ వాళ్ళు గల్ఫ్‌లో ముప్ఫయ్యేళ్ళు ఉంటారు. ఇక్కడ ఎవరడిగినా "మా ఊరు రాజోలు" అంటాం. అది ఈ దేశానికి అవమానమని మనకెప్పుడూ అనిపించలేదు. మేం శరణార్థులం కాదు, ఒప్పుకుంటాను. మాకు వెనక్కి దారి ఉంది. అది లేనివాళ్ళు ఊరి పేరు ఇంకా గట్టిగా పట్టుకుంటారని నాకు ఇక్కడ ఉన్నాకే తెలిసింది.

సోషల్ మాస్టారు (అమలాపురం, రిటైర్డ్):

పిల్లలు బాగా రాశారు. అయితే కొబ్బరితోటగారు లేవనెత్తిన భూమి ప్రశ్నని అందరూ దాటేస్తున్నారు. అది దాటేయాల్సిన ప్రశ్న కాదు.

తూర్పు పాకిస్తాన్‌లో, చిట్టగాంగు కొండల్లో, 1960ల మొదట్లో కప్తాయి అనే చోట కర్ణఫూలి నది మీద ఆనకట్ట కట్టారు. ఆ కొండ ప్రాంతంలో సాగుభూమిలో దాదాపు నలభై శాతం మునిగింది. లక్ష మంది దాకా నిరాశ్రయులయ్యారు, ఎక్కువమంది చక్మాలు. వేల కుటుంబాలు మన దేశంలోకి వచ్చాయి. 1964 నుంచి వాళ్ళని ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో పెట్టారు. తమని ఎవరూ అడగలేదని అక్కడి ఆదివాసీ తెగలవాళ్ళు అంటారు. బయటివాళ్ళు పర్మిట్ లేకుండా అడుగుపెట్టకూడని నేల అది. ఆ తెగల జనాభా తక్కువ. తమ నేల మీద తామే తక్కువైపోతామని వాళ్ళు భయపడ్డారు. చక్మాలకి జరిగింది అన్యాయం. అరుణాచల్ వాళ్ళ భయం కూడా నిజమే. 1996లో సుప్రీంకోర్టు చక్మాల ప్రాణాలకి రక్షణ ఇవ్వాల్సిందే, రాజ్యాంగం 21వ అధికరణం పౌరులు కానివాళ్ళకి కూడా వర్తిస్తుందని చెప్పింది. 2015లో పౌరసత్వం ఇవ్వమని మళ్ళీ చెప్పింది. గొడవ ఇంకా చల్లారలేదు.

మన దగ్గర శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చెయ్యలేదు. ఒక్కో గుంపుకి ఒక్కో పద్ధతి. టిబెటన్లకి ఒకటి, శ్రీలంక తమిళులకి ఇంకొకటి. 2019 పౌరసత్వ సవరణలో ఈ రెండు గుంపులూ లేవు. అందువల్ల శరణార్థి "నేనెవరు" అని చెప్పుకోవడం చాలావరకు మనం అతన్ని ఎక్కడ పెట్టాం అనే దాన్ని బట్టి ఉంటుంది.

దీనికి నాకు బాగా గుర్తున్న ఉదాహరణ ఆఫ్రికాలోది. 1972లో బురుండిలో హుటూ జాతివాళ్ళ మీద ఊచకోత జరిగింది. లక్ష మందికి పైగా పక్కనున్న టాంజానియాకి వెళ్ళారు. కొందరిని అడవిలో పెద్ద సెటిల్‌మెంట్లలో పెట్టారు. కొందరు తమంతట తాము కిగోమా పట్నంలో కలిసిపోయారు. 1980లలో ఒక మానవశాస్త్ర పరిశోధకురాలు రెండు చోట్లా ఉండి వాళ్ళ మాటలు విన్నారు. సెటిల్‌మెంటులో ఉన్నవాళ్ళు తమని పరవాసంలో ఉన్న ఒక జాతిగా చెప్పుకున్నారు. పోయిన నేల చరిత్ర ప్రతివాడి నోటా ఒకే వరసలో ఉంది. పట్నంలో ఉన్నవాళ్ళకి ఆ పట్టింపు లేదు. పేరు అడిగితే ఒక్కోచోట ఒక్కోటి చెప్పి బతుకు నడుపుకున్నారు. ఒకే దేశం నుంచి, ఒకే ఏడాదిలో వచ్చినవాళ్ళు వీళ్ళంతా. స్వెట్టర్లావిడ చంద్రగిరి సెటిల్‌మెంటులో కాకుండా మన కాకినాడ వీధుల్లో పుట్టి ఉంటే ఇదే మాట అనేదా? నాకు అనుమానమే.

ఇంకో విషయం కూడా చెప్పాలి. టాంజానియా ఆ 1972 వాళ్ళలో లక్షా అరవై వేల మందికి పైగా పౌరసత్వం ఇచ్చింది. అయితే మొదట ఒక షరతు పెట్టింది. సెటిల్‌మెంటు వదిలి వేరే వేరే జిల్లాలకి వెళ్ళిపోతేనే కాగితం ఇస్తామంది. నలభై ఏళ్ళు దున్నిన నేల అది. జనం కదల్లేదు, కాగితాలు ఆగిపోయాయి. 2014లో ఆ షరతు పక్కన పెట్టాకే కాగితాలు చేతికి వచ్చాయి.

జగన్నాథపురం పంతులమ్మ:

మాస్టారూ, మీరు ఆఖర్న చెప్పింది చదివి లేచి కూర్చున్నాను. మన దగ్గర కూడా అదే జరిగింది. కొబ్బరితోటగారికి నేను చెప్పాల్సిన సగం చెప్పకుండా వదిలేశాను.

2016లో ఢిల్లీ హైకోర్టు, 1987కి ముందు ఇక్కడ పుట్టిన టిబెటన్లకి పాస్‌పోర్టు ఇవ్వాల్సిందేనంది. 2017లో ప్రభుత్వం సరేనంది, కానీ షరతులు పెట్టింది. శరణార్థి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేయాలి. ధర్మశాలలో ఉన్న టిబెటన్ల ప్రవాస పరిపాలన నుంచి వచ్చే సాయం వదులుకోవాలి. సెటిల్‌మెంటులో నివాసం ఉండకూడదు.

అంటే ఆవిడ "ఈ దేశం నాది" అని రాసిస్తే, ఈ దేశంలో ఆవిడకి తెలిసిన ఒకే ఒక్క ఊరు వదిలి పోవాలి. తల్లిని పెట్టిన చోటు, మొక్కజొన్న చేను, గొంపా (వాళ్ళ బౌద్ధ మఠం), అన్నీ. ఆ చేను కూడా ఆవిడ పేరున లేదు, ప్రభుత్వం ఇచ్చిన స్థలం. ఇప్పుడు చెప్పండి, అన్నం పెట్టిన చేతిని నెట్టేసింది ఆవిడేనా?

ఏటిగట్టు (ముక్తేశ్వరం దగ్గర):

నేను పెద్దగా రాసేవాణ్ణి కాదు. మాది లంక. గోదారి మధ్యలో ఉండేది. 1986 ఆగస్టు వరద అందరికీ గుర్తే, ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు. ఆ తర్వాత ఏటా కొంత కొంత కోసుకుపోయింది. ముందు అరటితోట, తర్వాత రావిచెట్టు, తర్వాత మా ఇల్లు. గట్టు మీదకి వచ్చాం. గ్రామదేవత ఘటం నెత్తిన పెట్టుకుని తెచ్చాం. గట్టు వాళ్ళ అమ్మవారు వేరు, మా అమ్మవారు వేరు. ఇప్పటికీ రెండు జాతర్లు చేస్తాం.

కొన్నేళ్ళకి ఏరు అవతల పక్క ఇసుక మేట వేసింది. మా నాన్న పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆ తిన్నె చూపించి "అదిగోరా మన ఊరు" అనేవాడు. అక్కడ గుడిసె లేదు, చెట్టు లేదు. మా ఊరు ఉన్న చోటు కూడా అది కాదు, చాలా ఎగువకి ఉండేది. అవతలి ఒడ్డు వాళ్ళు తమదన్నారు. సర్కారు తమదని లీజుకిచ్చింది. మా నాన్న మాత్రం పోయేదాకా మనదే అన్నాడు.

మమ్మల్ని ఎవరూ శరణార్థులు అనలేదు. రేషన్ కార్డు ఉంది, ఓటుంది. గట్టు మీద పదేళ్ళు "లంకోళ్ళు" అన్నారు, అంతే. అందుకని ఆ టిబెట్ ఆవిడ కష్టం నాకు తెలుసని నేను అనను. కానీ లేని ఊరిని చెయ్యి చాపి చూపించే మనిషిని నేను చూశాను. మా నాన్న పిచ్చివాడు కాదు. గట్టు మీద ఇల్లు కట్టాడు, కొబ్బరి మొక్కలు వేశాడు, ఆ ఊరి పంచాయతీకి వార్డు మెంబరు అయ్యాడు. రెండూ చేశాడు.

కొబ్బరితోట:

రాత్రి అంతా చదివాను. నా మాటల్లో ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను, ఒకటి తీసుకోను.

చేతిని నెట్టేసింది అన్న మాట తీసేస్తున్నాను. ఆ షరతు సంగతి నాకు తెలియదు. పౌరసత్వం ఇస్తూ ఊరు వదలమనడం తప్పు. మనిషిని కలుపుకునే పద్ధతి అది కాదు. రంగం సంగతి కూడా మా ఇంట్లో ఉంది. మా పెదతాత వెళ్ళాడు, రాలేదు. ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

తీసుకోనిది పిల్లల గురించి. ఏటిగట్టు తమ్ముడి నాన్నగారు తిన్నెని చూపించాడు సరే, కొడుక్కి రేషన్ కార్డు ఉంది. టిబెట్ ఆవిడ కొడుక్కి ఏముంది? సర్టిఫికెట్ రెన్యువల్ చేయించుకుంటూ బతకాలి. చాలా సర్కారు ఉద్యోగాలకి అప్లై చెయ్యలేడు, అనుమతి లేకుండా భూమి కొనలేడు. తల్లి తన మాట మీద నిలబడాలంటే నిలబడనివ్వండి, అది ఆవిడ హక్కు. ఆవిడ పట్టుదల కుర్రాడి మీద పడకూడదు. పంతులమ్మగారూ, ఆ అబ్బాయి తీసుకుందామంటున్నాడా లేదా? ఆ సంగతి మీరు రాయలేదు.

జగన్నాథపురం పంతులమ్మ:

అడిగాను. నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను, మీ ప్రశ్న పట్టుకునే.

అబ్బాయికి ఇరవై ఆరు. బెంగళూరులో ఉద్యోగం. తల్లి ఇక్కడ పుట్టిన పౌరురాలు కాబట్టి చట్టం లెక్కలో అతనికి కూడా పౌరసత్వం వస్తుంది. అతనికి తీసుకోవాలని ఉంది. ఇంట్లో రెండేళ్ళుగా ఇదే టెన్షన్ అంది. "నేను వద్దన్నాను, తర్వాత సరే అన్నాను, మళ్ళీ వద్దన్నాను" అంది.

ఎందుకు మళ్ళీ వద్దన్నారు, టిబెట్ కోసమేనా అని అడిగాను. కాదంది. "నాకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకో రెండు మూడు చలికాలాలు వస్తానేమో ఇక్కడికి. తర్వాత క్యాంపులో ఇంటి దగ్గరే ఉండాలి. వాడు ఇండియా వాడు అయిపోతే నా ఇంట్లో నాతో ఉండకూడదంటున్నారు. చుట్టంలా వచ్చి చూసి వెళ్ళాలట. నేనేమో ఆ ఇల్లు వదలను. మా అమ్మ పోయింది ఆ ఇంట్లోనే."

కొబ్బరితోటగారూ, నేను మొదట రాసినప్పుడు ఆవిడ మాటని ఒక దేశభక్తి మాటగా విన్నాను. మావారు కృతఘ్నతగా విన్నారు. మేమిద్దరం ఆవిడ వాక్యంలో టిబెట్ అన్న పదమొక్కటే పట్టుకున్నాం. చంద్రగిరి గురించి మళ్ళీ అడగలేదు.

అబ్బాయి మాత్రం సంక్రాంతికి వస్తాడట, దుకాణం సర్దడానికి సాయం. అప్పుడు కూర్చుని తేల్చుకుంటాం అంది.

కొబ్బరితోట:

ఆదివారం నాకు కాకినాడలో పని ఉంది. దుకాణం ఎన్నింటిదాకా ఉంటుందమ్మా? నాకూ మా మనవడికీ స్వెట్టర్లు కావాలి. నాలుగు మాటలు కూడా మాట్లాడాలని ఉంది.

జగన్నాథపురం పంతులమ్మ:

రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటారండీ. సాయంత్రం అయిదింటికి రండి, నేను కూడా వస్తాను. ఆవిడని ఏ ఊరని అడగకండి, అది నేను అడిగేశాను. వాళ్ళమ్మ గురించి అడగండి.